పన్నెండు చెరిపాక పదమూడు

మొన్న శనివారం పొద్దున, ఫ్యాక్టరీలో నాకు కంప్యూటర్ నేర్పిన సార్ నరసరావుపేట ఆసుపత్రిలో పోయారని కబురొచ్చింది. ఏడుపు రాలేదు, బాకీ గుర్తొచ్చింది. మెకానిక్ మస్తాన్ భాయికి నిజం చెప్పమని ఆయన నాకు అప్పగించిన పని రెండేళ్లుగా అలాగే ఉండిపోయింది.

మాచర్ల దగ్గర సున్నపురాయి పిండిచేసే ఫ్యాక్టరీ మాది. రాయి మోసే బెల్టును నడిపే కంప్యూటర్‌కు సొంత భాష ఒకటుంది. ఆ మిషను దాటితే ఆ భాషతో ఎవడికీ పనిలేదు. అందుకేనేమో, అందులో రాయడానికి, దిద్దడానికి ఇచ్చిన ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవడో భోజనానికి లేవబోతూ చేసి పారేసినట్టుంటుంది. ఒకసారికి ఒక్క లైనే చూపిస్తుంది. ఏం కొట్టినా మింగుతుంది. టైపు వచ్చు కదా అని, పదో తరగతి తప్పిన నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఓసారి ప్రోగ్రాము నడుమ ‘సార్‌కి టీ’ అని కొడితే కిక్కురుమనకుండా తీసుకుంది.

సార్ నవ్వబోయి ఆగారు. “ఒరేయ్, దీనికి నోరు లేదు. నువ్వేం చేశావో నువ్వే చదువుకోవాలి.”

తాను ఒక్క లైను మార్చినా మొదటి నుంచీ గట్టిగా చదివేవారు. “ప్రార్థన అయిందా సార్?” అని వెక్కిరించేవాణ్ణి.

ఒకరోజు పన్నెండో లైను, పదమూడో లైను చెరిపెయ్యమన్నారు. పన్నెండు చెరిపాను. దాంతో కింది లైన్లన్నీ ఒక్కో అంకె పైకి జరిగి, పద్నాలుగోది పదమూడయింది. అది మరిచి పదమూడు చెరిపాను. పోయింది అసలు పద్నాలుగోది. బెల్టు పక్కన కట్టిన తాడు లాగితే దాన్ని ఆపే లైను.

“చదివావా?”

“చదివా సార్.”

చదవలేదు.

కాసేపటికి బెల్టులో రాయి ఇరుక్కుంది. మస్తాన్ భాయ్ వచ్చాడు. తాడు లాగి, ఆ ఊపులోనే చెయ్యి పెట్టడం అతని అలవాటు.

“ఆగు భాయ్, ముందు నేను లాగుతా,” అన్నారు సార్.

“ఏంది సార్, రోజూ లాగే తాడేగా!”

సార్ లాగారు. బెల్టు ఆగలేదు. మస్తాన్ భాయ్ చాపిన చేతిని గుండెకు హత్తుకున్నాడు. సార్ నా వైపు చూసి, “తప్పు నాదే భాయ్,” అన్నారు.

తర్వాత నాతో, “నువ్వే చెప్పు. నేను చెప్పను,” అన్నారు. ఇక మీదట కింది లైను నుంచి పైకి చెరపమన్నారు. నెల రోజులు కూర్చుని, చెరిపే ముందు లైను చూపించి ‘ఇదేనా?’ అని అడిగేలా ఎడిటర్‌ను మార్చారు. దానికి నోరిచ్చారు గానీ, నాకు మాత్రం నోరు రాలేదు. మస్తాన్ భాయ్ టీకి పిలిచినప్పుడల్లా పనుందని తప్పించుకునేవాణ్ణి.

ఆదివారం చర్చి నుంచి సార్ శవపేటికను మోసినవాళ్లలో మస్తాన్ భాయ్ ముందున్నాడు. అతని పక్కన నడిచాను.

“భాయ్, ఆ రోజు లైను చెరిపింది సార్ కాదు. నేను.”

అతను నా వైపు చూడలేదు, నడక ఆపలేదు. పెట్టె కింద అతని అయిదు వేళ్లూ మెల్లగా బిగుసుకున్నాయి.