ముగ్గురికి వండలేని మాస్టరు

మా నాన్న నాలుగు వందల మందికి వండగలడు. ముగ్గురికి వండలేడు. ఆయన గురించి చెప్పాల్సిందంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

నాలుగు వందల మందంటే నూలు మిల్లు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనానికి వచ్చే జనం. ముగ్గురంటే ఆయన, అన్నయ్య, నేను. అమ్మ పోయేనాటికి నాకింకా మాటలు కూడా సరిగ్గా రాలేదు. అన్నయ్యకి ఎనిమిదేళ్ళు. అప్పటినుంచి ఇంట్లో పొయ్యి కూడా నాన్న చేతికే వచ్చింది. మా కర్మ.

మిల్లులో ఆయన్ని అందరూ మాస్టరు అనేవాళ్ళు. భోజనం సైరన్ మోగి ఆగేలోపే క్యాంటీన్ గుమ్మం దగ్గర తోపులాట మొదలయ్యేది. ఇంటినుంచి తెచ్చుకున్న క్యారియర్ని బీరువాలో దాచేసి మరీ వరసలో నిలబడే గుమాస్తాలుండేవాళ్ళు. నాన్న ఏదీ రుచి చూసేవాడు కాదు. మనిషి మునిగేంత గిన్నె ముందు నిలబడి, కూర ఉడికే చప్పుడు విని, "ఉప్పు చాలు" అనేవాడట. నిజంగానే సరిపోయేదట.

అంత చేయి తిరిగిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, నెత్తిమీది తెల్ల టోపీ తీసి మేకుకి తగిలించేవాడు. విద్యంతా కూడా దాంతోపాటే అక్కడ తగిలించేసేవాడు. మా ఇంట్లో అన్నానికి మూడు అంతస్తులు. అడుగున బొగ్గు, మధ్యలో ముద్ద, పైన పలుకు. బంగాళాదుంప ముక్కల్లో కొన్ని పిడికిలంత ఉండేవి, కొన్ని కంటికి కనపడకుండా కరిగిపోయేవి. ఉడికించిన గుడ్డు పగలకుండా నా పళ్ళెంలోకి వచ్చిన రోజు లేదు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఉప్పు దగ్గరే నా ఓర్పు అయిపోయేది.

కూర పొయ్యిమీద పెట్టగానే నాన్న ఉప్పు వేసేవాడు. మూత పెట్టేవాడు. కాసేపు గోడవైపు చూసేవాడు. తర్వాత పైకే అనేవాడు:

"ఉప్పు వేశానా?"

"వేశావు నాన్నా."

"ఎప్పుడు?"

"ఇందాకే. నేను చూస్తూనే ఉన్నాను."

"నువ్వు చూసింది పసుపేమో."

"పసుపు తెల్లగా ఉంటుందా?"

"ఏమో తల్లీ, ఎందుకైనా మంచిది" అంటూ ఇంకో చెంచాడు వేసేసేవాడు.

ఇది ఒకరోజు ముచ్చట కాదు, రోజూ ఇదే తంతు. ఒకసారి ఆయన మొదటి చెంచా వేయగానే ఉప్పు సీసా తీసి నా పుస్తకాల సంచిలో దాచేశాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళి అడిగి తెచ్చుకున్నాడు. అడిగి తెచ్చింది వృథా కాకూడదని అంతా వేసేశాడు.

మిల్లు ఫోర్‌మన్‌గారికి మా ఇంటి భోజనం మీద చాలా ఆశ ఉండేది. "క్యాంటీన్‌లోనే ఇలా వండేవాడు సొంతింట్లో ఇంకెలా వండుకుంటాడో!" అని పదిమందితో అని, పిలిపించుకుని మరీ వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, ఆవురావురుమంటూ కూర్చున్నాడు. మొదటి ముద్దకి ఆగాడు. రెండో ముద్దకి నా వైపు చూశాడు. మూడో ముద్దకి బదులు మంచినీళ్ళు అడిగాడు. మర్నాడు క్యాంటీన్‌లో నాన్నని పక్కకి పిలిచి, "మాస్టరూ, ఒంట్లో బాగుంటోందా? కావాలంటే సెలవు తీసుకోండి" అన్నాడట.

అన్నయ్య వ్యవహారం ఇంకా వింత. తల వంచుకుని చడీచప్పుడూ లేకుండా తినేవాడు. "మాడింది నాకు" అని పళ్ళెం ముందుకు తోసేవాడు. అడుగు గీకి పెడితేగాని లేచేవాడు కాదు. వాడికి నాలుక లేదని నేనెప్పుడో తేల్చేసుకున్నాను.

ఇంత నవ్వుతూ చెబుతున్నానుగాని, ఆ ఇంట్లో నవ్వులు తక్కువే. అమ్మ గురించి మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. వాళ్ళిద్దరికీ అమ్మ గుర్తుంది కాబట్టి మాట్లాడేవాళ్ళు కాదు. నాకు గుర్తులేదు కాబట్టి మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. బళ్ళో అందరూ "మా అమ్మ అలా, మా అమ్మ ఇలా" అంటుంటే నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేదాన్ని. ఎప్పుడైనా ఉండబట్టలేక, "నాన్నా, అమ్మ ఎలా ఉండేది?" అని అడిగితే, ఆయన లేచి పెరట్లోకి పోయి గిన్నెలు తోమేవాడు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేవాడు. మా ఇంట్లో గిన్నెలు తళతళలాడటానికి నా ప్రశ్నలే కారణం. కొన్నాళ్ళకి ఆయన చేతులు చూసి జాలేసి అడగటం మానేశాను. అడగనంత మాత్రాన తెలుసుకోవాలన్న బెంగ తీరుతుందా?

నేను అయిదో తరగతిలో ఉండగా మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క, ఆసుపత్రిలో నర్సు. అమ్మ ఉన్న రోజుల్లో కొన్నేళ్ళు మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసిందట. తర్వాత దూరం బదిలీ అయిపోయింది. పిల్లలు చిక్కిపోతున్నారని ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చింది. సంచి కింద పెట్టకముందే నా కింది కనురెప్ప లాగి చూసింది. అన్నయ్య పక్కటెముకలు తడిమింది.

"ఒరేయ్, ఊరందరికీ వండిపెడతావు, నీ పిల్లలు పుల్లల్లా ఉన్నారేంట్రా?"

"వాళ్ళ ఒంటి తీరే అంత అక్కా."

"ఒంటి తీరు సంగతి నాకు చెప్పకు. మీ వీధంతా నీ వంట గురించి చెప్పుకుని నవ్వుతోంది. చిన్నదాన్ని నాతో పంపు. నాకా పిల్లల్లేరు. నాలుగు మంచి ముద్దలు పెట్టి పెంచుకుంటాను."

నాన్న తుడిచిన గ్లాసే మళ్ళీ తుడవసాగాడు. అత్త చెంగు దోపుకుని కుర్చీలో కూర్చుంది.

"సరే, ఈ పూట ఏం పెడతావో చూస్తాను. నోట్లో పెట్టుకునేట్టు లేకపోతే, పొద్దున బండికి దీన్ని తీసుకుపోతాను. ఆపైన నీ ఇష్టం."

నాన్న పొయ్యి వెలిగించడానికి లేచాడు. వంటింట్లోకి పోయి నాన్న చొక్కా పట్టుకున్నాను.

"నాన్నా, ఈ ఒక్క పూట మిల్లులో వండినట్టు వండవూ? నేను వెళ్ళను నాన్నా."

ఆయన భుజంమీది తువ్వాలుతో నా మొహం తుడిచాడు. "సరే తల్లీ" అన్నాడు. మేకుకున్న టోపీ తీసి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చూసింది నేను జన్మలో మరచిపోను. ఉల్లిపాయ ఆయన చేతికింద కనపడకుండా ముక్కలైపోయింది. ఏది ఎప్పుడు వేశాడో నాకు తెలియనే లేదు. ఉప్పు ఒక్కసారే వేశాడు. గోడవైపు చూడలేదు. కూర వాసనకి ముందుగదిలో అత్త కుర్చీ కిర్రుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత వంట చేతిలో పెట్టుకుని ఇన్నేళ్ళూ మాకు బొగ్గులెందుకు పెట్టాడో అని కోపం కూడా వచ్చింది.

ఆ వాసనకే అన్నయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. గిన్నెలోకి చూశాడు. మొహం వాడిపోయింది.

"నాకు ఆకలిగా లేదు నాన్నా. మీరు తినండి" అని మెల్లగా చెప్పి, వెళ్ళి పెరటి మెట్లమీద కూర్చున్నాడు.

నాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా వైపు చూశాడు. పెరటి వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. తర్వాత టోపీ తీసేశాడు.

"ఉప్పు వేశానా?" అన్నాడు.

"వేశావు నాన్నా! నీకు దణ్ణం పెడతాను, వేశావు!"

ఆయన సీసా మూత తీశాడు. ఇంకో చెంచాడు వేసి, అన్నం కింద మంట పెద్దది చేశాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను వదిలించుకోవాలనే అనుకుంటున్నాడని ఖాయం చేసుకున్నాను.

అందరం తినడానికి కూర్చున్నాం. అన్నయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ తిట్లు వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, అత్త నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఒరేయ్, ఇది మరదలి చేతి కూర కదరా" అంది.

నేను మధ్యలో దూరాను.

"ఎవరి చేతి కూర అత్తా?"

"మీ అమ్మదే. దానికి నోరు మూతపడేది కాదు. పొయ్యి దగ్గర నిలబడి కబుర్లు మొదలెడితే ఒళ్ళు తెలిసేది కాదు. అన్నం మాడిపోయేది. ఉప్పు వేశానా అని మీ నాన్నని అడిగేది. వేశావని వీడు చెప్పేలోపే మళ్ళీ వేసేది. ఇంత వంటవాడివి, పెళ్ళానికి కాస్త నేర్పరా అని నేనే పోరేదాన్ని. ఏమన్నాడో తెలుసా? కబుర్లు ఆపితేగాని దానికి కూర కుదరదక్కా, కూర కుదరకపోతే కొంప మునగదులే, అన్నాడు."

నేను నాన్న వైపు చూశాను. ఆయన మెతుకులు లెక్కపెడుతున్నట్టు పళ్ళెంలోకే చూస్తున్నాడు. అప్పుడు అన్నయ్య నోరు విప్పాడు.

"అమ్మ పోయాక నాకు ముద్ద దిగేది కాదు. నాన్న ఎన్ని వండినా కక్కేసేవాణ్ణి. ఒకరోజు ఇలా వండిపెట్టాడు. తిన్నాను." వాడు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "మొదట్లో నాన్నకి అస్సలు చేతనయ్యేది కాదత్తా. ఎంత పాడుచేద్దామన్నా బాగానే వచ్చేది. నేను పక్కన నిలబడి, ఇంకా మాడాలి నాన్నా, ఇంకొంచెం ఉప్పు నాన్నా, అని చెప్పేవాణ్ణి. చాలా కష్టపడి నేర్చుకున్నాడు."

అత్త ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. అమ్మ గొంతు ఎరగను, అమ్మ స్పర్శ ఎరగను, అమ్మది నాకేమీ మిగల్లేదనుకుంటూ పెరిగాను. ఇన్నేళ్ళూ రెండు పూటలా నేను తిట్టుకుంటూ తిన్నది అమ్మ వంటే. నా పళ్ళెంలో ఉన్న మాడు ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. చేదుగా, ఉప్పగా, ఎప్పటిలాగే ఘోరంగా ఉంది. ఇంకో ముక్క తీసుకున్నాను.

అత్త పళ్ళెం ముందుకు జరిపింది. "ఇంకొంచెం పెట్టు."

"ఉప్పెక్కువైందేమో అక్కా."

"తెలుసు, పెట్టు. పిల్లని తీసుకుపోను. నా దగ్గర దానికి మంచి తిండి దొరుకుతుందిగాని, ఇది దొరకదు." ముక్కు చీదుకుంది. "కానీ ఒరేయ్, వారానికి రెండు రోజులైనా వీళ్ళకి మనుషులు తినే తిండి పెట్టు."

భోజనాలయ్యాక నాన్న టీకి నీళ్ళు పెట్టాడు. అవి కాగేలోపు ఎప్పటిలా గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోబోయాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అమ్మ ఎలా ఉండేదని అడిగితే ఆయన చెప్పలేడని నాకు తెలుసు. అందుకని వేరేగా అడిగాను.

"నాన్నా, అమ్మ ఇంకా ఏమేం పాడుచేసేది?"

ఆయన చేతిలో గిన్నెలు కింద పెట్టేశాడు.

"ఒకటా తల్లీ! ఒకసారి నా పుట్టినరోజని కేకు చేస్తానంది..." అంటూ గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నేనూ అన్నయ్యా చెరోవైపు చేరాం. ఆయన చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. నాన్నకి అన్ని మాటలు వచ్చని నాకు అంతవరకూ తెలియదు.

టీ గిన్నె మాడుతోందిరా అని అత్త రెండుసార్లు కేకేసింది. మేమెవరం లేవలేదు.