చాటెడు తవుడుకు రెండోసారి

రాబోయే పుస్తకంలో చావు గురించి ఒక అధ్యాయం ఉంటుందని ఆటగాళ్లకు మాటిచ్చాను. అది ఉండదు. ఎందుకు తీసేశావని అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నా భయంగానే ఉంది.

మాది పాచికల ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, నోటితోనే కథ నడుపుతారు. ఆ కథ జరిగే లోకాన్ని, అక్కడి ఊళ్లనూ దేవతలనూ ఆచారాలనూ వర్ణించే పుస్తకం నేను రాస్తున్నాను. రెండు నదుల మధ్య ఎర్రటి ఎండల, రాళ్ల గుట్టల దేశం అది. రాయచూరులో ఉండేవాడు ఇంకేం దేశం ఊహిస్తాడు?

ఆ దేశంలో చావు ఒక ముసలిది. ఇంటింటికీ తిరిగి, తల్లి ఎవరిని 'నా బిడ్డ' అంటుందో వాళ్లనే తీసుకుపోతుంది. అందుకని అక్కడి తల్లులు పసిబిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. పక్కింటావిడ వచ్చి, దొరికిన బిడ్డ అంటూ ఎత్తుకుంటుంది. తల్లి ఆమెకు చాటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంటుంది. ఇక వాడు కొన్న బిడ్డే, కన్నబిడ్డ కాదు. ముసలిది వెతికి వెతికి వెళ్లిపోతుంది.

ఇందులో ముసలిది ఒక్కతే నా కల్పన. నేను పుట్టిన ఊరు యరగేరలో అమ్మ నన్ను అలాగే కొన్నది. నాకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. మా అత్త ఎప్పుడో గుసగుసగా చెప్పిన ఈ సంగతి నాకు తమాషాగా అనిపించేది. పుస్తకానికి పనికొస్తుందనుకున్నాను, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి హాల్లో నలుగురు ఆటగాళ్లకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. గొంతు మార్చి మరీ చదివాను. ఒకతను ఫోన్లో రికార్డు చేసి అక్కడికక్కడే తమ గ్రూపులో పెట్టేశాడు. తలెత్తి చూస్తే వంటింటి గడప దగ్గర అమ్మ నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసుల పళ్లెం.

వాళ్లు వెళ్లాక అడిగింది. "ఏందిరా గిట్ల జేసినవ్? దానికి ఇనపడేటట్టు జెప్తివి గదరా!"

"ఎవరికమ్మా?"

"దాని పేరు దీస్తనా నేను? గిన్నేండ్లు నోరు మూసుకొని దాసిన నిన్ను. ఒక్క పూటల ఊరందరికీ జెప్పినవ్."

"ఆటమ్మా అది. ఉత్త కథ" అని నవ్వాను.

"నీకు కత. నేను ముగ్గుర్ని మట్టిల బెట్టిన."

రెండు రోజుల్లో మరిచిపోతుందిలే అనుకున్నాను.

బుధవారం నాకు జ్వరం వచ్చింది. వానాకాలం, ఎక్కడ చూసినా దోమలే. డెంగీ అని డాక్టరు చెబితే నేను ఆశ్చర్యపోలేదు. అమ్మ మాత్రం మర్నాడే ఆటో ఎక్కి మిల్లుకు పోయి తవుడు తెచ్చింది. పై వాటాలో అద్దెకుండే ముస్లిం ఆవిడను, మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని, బతిమాలింది. మిట్టమధ్యాహ్నం, జ్వరంతో తూలుతున్న నన్ను, గడ్డం నెరుస్తున్నవాణ్ని, వీధి మొగలో చెత్తకుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను చాటలో పెట్టే వీలు లేదు కనుక చాటను నా ఒళ్లో పెట్టింది.

"అరే, యే కిస్కా బచ్చా హై?" అంటూ ఖాలా వచ్చింది, ఎవరి పిల్లాడోనన్నట్టు అటూ ఇటూ చూస్తూ. కూరగాయల బండివాడు బండి ఆపి మరీ చూస్తున్నాడు. ఖాలా నవ్వాపుకోలేకపోతోంది గాని, అమ్మ ముఖం చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది. తవుడు కొంగులో పోయించుకుని, "తీస్కపోండి, మీరే సాక్కోండి" అంది.

ఇంటికొచ్చాక, కన్నబిడ్డనని ముసలిదానికి తెలిసిపోతుందనేమో, అమ్మ నన్ను తాకలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూడలేదు. మంచినీళ్లు గది గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. ఒంటి నొప్పుల కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

తెల్లవారేసరికి చిగుళ్లలోంచి నెత్తురు కారడం మొదలైంది. ప్లేట్లెట్లు బాగా పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. వార్డు గుమ్మంలో నర్సు కాగితం పట్టుకుని అమ్మను కన్నడంలో అడిగింది, "నిమ్మ మగనేనమ్మా?"

"అల్ల" అంది అమ్మ. "నన్న మగ అల్ల."

కొడుకు కాదంటే మరి ఈమె నీకేమవుతుందని నర్సు నన్నడిగింది. అమ్మ నన్నే చూస్తోంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగులుతోంది.

"ఏమీ కాదు" అన్నాను.

అమ్మ కోసమే ఆ అబద్ధమాడానని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు భయమేసింది. నేను రాసిన ఆ ముసలిది ఆ మంచాల మధ్యే తిరుగుతోందనిపించింది. దానికి దొరకకూడదనుకున్నాను.

తల్లి అని రాసి ఉన్న చోట ఖాలా వచ్చి సంతకం పెట్టింది. బంధువులు కానివాళ్లు లోపలికి రాకూడదని నర్సు అంటే అమ్మ గుమ్మంలోంచే వెళ్లిపోయింది. బయట బెంచీ మీద, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. తలుపు అద్దంలోంచి ఆమె జుట్టు ముడి మాత్రమే కనిపించేది. మూడు రోజులు అలాగే కూర్చుంది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా.

ప్లేట్లెట్లు ఎక్కిస్తున్నప్పుడు ఒళ్లంతా వణుకు పుట్టింది. అమ్మా అని పిలవబోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నాను.