ఫోటోలో కనిపించని పన్ను

వంకర పళ్లకు తీగలు కట్టి వరసకు తెచ్చే డాక్టరమ్మ ఆమె. దూరపు ఊళ్లలోని పళ్ల డాక్టర్లు ఫోనులో ఫోటోలు పంపి సలహా అడిగితే ఒకటే జవాబు చెప్పేది.

"మనిషిని పంపండి. నోరు చూడకుండా నేను మాట చెప్పను."

పక్క గదిలోని సీనియరు డాక్టరు వంత పాడేవాడు. "ఏం తేడా వచ్చినా మన మెడకే చుట్టుకుంటుందమ్మా."

ఆ ఏడు ఆమె భర్త గుండె ఆగి పోయాడు. నెల తిరక్కుండానే పనిలోకి వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. అత్తగారు కంచం ముందు పెడితే తినేది, లేకపోతే ఆకలి సంగతే గుర్తొచ్చేది కాదు. ఏడుపూ రాలేదు.

ఒక మధ్యాహ్నం చిన్న ఊరి డాక్టరొకాయన ఫోను చేశాడు. పదకొండేళ్ల పాపకు ఒకవైపు పై కోరపన్ను రాలేదు, అక్కడి పాలపన్ను కదలడం లేదు.

"అంత దూరం పంపలేనండీ మేడమ్. వాళ్లమ్మకి సెలవు దొరకదు. ఒక్కసారి ఫోటోలు చూడండి."

కాదనడానికైనా ఓపిక కావాలి. అదీ లేక ఫోటోలు తెరిచింది.

"పాలపన్ను పైన, చిగురు మీద బయటివైపు తడమండి. ఎత్తుగా తగులుతోందా?"

"లేదండీ, నున్నగా ఉంది. రెండోవైపు మాత్రం బొడిపెలా తగుల్తోంది."

"అయితే ఇటువైపు కోరపన్ను లోపల అంగిట్లోకి తిరిగినట్టుంది. ఎక్స్‌రే తీసి పంపండి. అందాకా ఏదీ పీకొద్దు."

ఎక్స్‌రేలో అనుమానం నిజమైంది. పాలపన్ను తీసేయమంది. "కోరపన్ను దానంతటది దిగొచ్చు, దిగకపోవచ్చు. దిగకపోతే ఇక్కడికి తేక తప్పదు. తల్లికి దాచకుండా చెప్పండి."

సీనియరు తల పట్టుకున్నాడు. "కోరి తలనొప్పి తెచ్చుకున్నావు. రేపు అడిగితే?"

"చెప్పింది నేనే అంటాను."

అలా అంటున్నప్పుడు భయం వేయకపోవడం ఆమెకే వింతగా తోచింది.

ఆ తర్వాత మరికొందరు అడగసాగారు. ఫోటోలతో తేలేవి చెప్పేది. తేలకపోతే మనిషిని పంపమనేది.

ఏడాది దాటాక ఆ పాప కొత్త ఎక్స్‌రే వచ్చింది. "దిగుతోందండీ మేడమ్!" ఫోనులో ఆయన గొంతు ఎగిరి గంతేసింది.

"మంచిది. ఇంకో ఆర్నెల్లు ఆగి చూడండి."

సంతోషం కోసం కాసేపు చూసింది. రాలేదు. అయినా ఆ బొమ్మ మూసెయ్యబుద్ధి కాలేదు. రాత్రి ఇంట్లోనూ ఫోనులో అదే తెరిచి కూర్చుంది.

"ఏంటే అంతసేపు?" అంది అత్తగారు.

"పన్ను అత్తయ్యా. కిందికొస్తోంది."

"ఏదీ?" అంటూ అత్తగారు కళ్లజోడు తుడుచుకుని పక్కన కూర్చుంది. ఆ తెల్లటి మరకల్లో పన్నేదో, ఎముకేదో పెద్దావిడకు ఎంతకీ తెలియలేదు. కోడలు వేలు పెట్టి చూపించింది.