ఎనిమిది వరకు

ఎమ్మిగనూరులో బోరింగు కాడ నీళ్ళు పట్టే ఆడవాళ్ళ మధ్య హజరా బీ గురించి ఒక మాట తిరుగుతుండేది. పెళ్ళికి ముందు ఆమె ఆదోనిలో పత్తి మిల్లులో కంప్యూటరు కాడ పని చేసేదట. ఒకనాడు పట్టపగలు బురఖా మేకుకే వదిలేసి, ఎమ్మిగనూరు రోడ్డున ఒక బండివాని వెంట పరిగెత్తిందట. ఊరు దాటినాక అతని బండి మీద, అతని దుప్పటి కప్పుకొని కూర్చోనుండగా చూసినవాళ్ళున్నారట.

"లేసిపోయిందని సెప్పరాదా, సుట్టు తిప్పేదెందుకు?" అనేది ఒకామె.

"నేనన్లేదమ్మా, సూసినోళ్ళన్నారు," అనేది ఇంకొకామె.

హజరా బీ వస్తే ఆ మాట ఆగేది. ఆమె బిందె నింపుకొని తల వంచుకొని పోయేది. కాదని ఒక్కసారీ అనలేదు. కాదంటే జరిగినదేమిటో చెప్పాలి. జరిగినది ఆమెకు ఈ పుకారు కన్నా పెద్ద సిగ్గు.

ఆమె తొమ్మిదో తరగతిలో బడి మానింది. తల్లి మంచాన పడితే వంట చేసేవాళ్ళు లేకపోయారు. తల్లి కోలుకునేసరికి ఆమె ఈడు పిల్లలు బడి దాటిపోయారు. ఊరికే కూర్చోవడం ఎందుకని టైపు నేర్చుకుంది. ఎనభై ఏడులో మిల్లుకు కంప్యూటరు వస్తే, వేళ్ళు చురుగ్గా ఆడే పిల్ల ఉందని టైపు మాస్టారు ఆమెను పంపాడు.

"టెన్త్ పాసే కదా?" అని అడిగాడు మేనేజరు దేవేంద్రప్ప.

హజరా బీ తల వంచింది. ఆయన దాన్ని అవునని అనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది. ఆనాటి నుంచి ఆ మిల్లులో ఆమె ఏదీ అడిగేది కాదు. అడిగితే తన చదువెంతో బయటపడుతుందని భయం.

పని కష్టమైంది కాదు. పెరట్లో మద్దయ్య బండిలోని పత్తిలోకి మీటరు గుచ్చి, తేమ ఎంతుందో కిటికీలోంచి కేకేసేవాడు. ఆమె ఆ అంకె కొట్టేది. తెర మీద ఎస్ అని వస్తే బండి లోపలికి, నో అని వస్తే వెనక్కి.

మిషనుకు ఆ తెలివి ఎట్లా వచ్చిందో కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరు చూపించాడు. "ఇఫ్ అంటే అయితే. దెన్ అంటే అప్పుడు. ఎల్స్ అంటే లేకుంటే. అంతే పాపా." ఈ < గుర్తు కాకి ముక్కు లాంటిదన్నాడు, అటు తిప్పినా ఇటు తిప్పినా పెద్ద ముద్ద వైపే నోరు తెరుస్తుందన్నాడు. "సమానమైనా సరే అనాలంటే పక్కనే = పెట్టాల. లేకుంటే సరిగ్గా గీత మీద నిలబడినవాడు బయట పడతాడు." ఆయన రాసిపోయిన వరుస ఇది: ఇఫ్ తేమ > 10 దెన్ నో ఎల్స్ ఎస్. పది దాటితే వద్దు, లేకుంటే తీసుకో.

ఇంజనీరు పోయాక హజరా బీ ఆ వరుసను ఎన్నిసార్లు చూసుకునేదో. ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా, అన్నకు ఆకలైతే రెండు గరిటెలు, లేకుంటే ఒకటి అని లోలోపల ఇఫ్‌లు కట్టుకునేది.

మంచు దినాల్లో తేమకు పత్తి బేళ్ళు లోపల వేడెక్కుతున్నాయని ఒకరోజు సాయంత్రం దేవేంద్రప్ప వచ్చాడు. "రేపటినుంచి ఎనిమిది వరకే తీసుకుంటాం. మిషనుకు చెప్పు. రైతులకు నేను చెప్పి పంపినాను," అన్నాడు.

పది చెరిపి ఎనిమిది పెడితే సరిపోయేది. కానీ ఆమెకు తనంతట తానే ఒక వరుస రాయాలనిపించింది. ఎనిమిది వరకు. ఆ మాటను నోట్లో తిప్పుకుంది. రంజాన్‌లో పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజు వరకు ఏమీ తినరు. మసీదులో అజా వినబడిందంటే ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారు. అంటే మగ్రిబ్ ఉపవాసంలో చేరదు, దాని ముందరి వేళే చేరుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెకు వరకు అంటే అదే. కాబట్టి ముక్కును ఎనిమిది వైపు తెరిచి, పక్కన ఏ గుర్తూ పెట్టకుండా రాసింది: ఇఫ్ తేమ < 8 దెన్ ఎస్ ఎల్స్ నో. రాసి, తెర వైపు చూసి నవ్వుకుంది.

మరునాడు పొద్దున బండ్లు ఒకటెనక ఒకటి వెనక్కి మళ్ళాయి. పెద్దకడుబూరు నుంచి ముసలి ఉచ్చీరప్ప బండి వచ్చింది. పత్తి మీద దుప్పటి పరిచి, దాని మీద అతని భార్య లక్ష్మమ్మ కూర్చోనుంది.

"ఎనిమిది!" అని కేకేశాడు మద్దయ్య.

నో అని వచ్చింది.

ఉచ్చీరప్ప కిటికీ కాడికి వచ్చాడు. "ఇంగోసారి సూడు పాపా. ఎనిమిది వరకు తీసుకుంటామని సెప్పంపిరి గదా. అందుకే ఎండబెట్టుకొని తెస్తిమి."

"మిషను వద్దంటాంది తాతా," అంది హజరా బీ తల ఎత్తకుండా.

"మిషనుతో వాదమేంది పెద్దాయనా, దానికి చెవులు యాడుండాయి?" అన్నాడు మద్దయ్య.

ఉచ్చీరప్ప ఎద్దులను మళ్ళిస్తూ కోపమంతా భార్య మీద చూపించాడు. "బాగా తిరగెయ్యమంటే ఇన్యావా? అడుగుది అడుగునే ఉంచితివి. ఇప్పుడు అమ్మేకి ఎమ్మిగనూరు దాకా పోవాల."

"నాదే తప్పులే, పద," అంది లక్ష్మమ్మ చిన్నగా.

కాసేపటికి దేవేంద్రప్ప పెరట్లోకి వచ్చాడు. "ఏమప్పా మద్దయ్యా, బండ్లు ఇంత తక్కువున్నాయి? ఎనిమిదివి గూడా రాలేదా?"

ఎనిమిదివి గూడా. వరకు అంటే ఆయన లెక్కలో ఎనిమిదీ చేరుతుందని కిటికీ వెనక హజరా బీకి అప్పుడు తెలిసింది. మద్దయ్య ఏం జవాబు చెప్పాడో ఆమె వినలేదు. వేళ్ళు వాటంతటవే పోయి ముక్కు పక్కన = పెట్టాయి. అయిపోయింది. ఇక ఎవరికీ తెలియదు. తిరిగిపోయినవాళ్ళు మిషను వద్దందనే అనుకుంటారు. మిషను నోరు తెరిచి చెప్పదు. ఊరికే కూర్చుంటే చాలు, ఉద్యోగమూ ఉంటుంది, పరువూ ఉంటుంది.

ఆమె కూర్చుంది. "నాదే తప్పులే" అన్న ఆ ముసలామె మాట చెవిలోంచి పోలేదు. చెయ్యనిదాన్ని చేశానని ఒప్పుకొని పోయింది ఆమె. చేసిన తాను నీడన కూర్చోనుంది.

లేచి దేవేంద్రప్ప ముందు నిలబడింది. "సార్..." అంది.

"ఏమి గొణుగుతావు? గట్టిగా చెప్పు," అన్నాడాయన.

నోరు రాలేదు, కాళ్ళు వచ్చాయి. బురఖా తలుపు వెనక మేకుకే ఉండిపోయింది. గేటు దాటి, టీ అంగళ్ళు దాటి, ఆదోనిలో తనను ఎరిగినవాళ్ళందరి కళ్ళ ముందూ పరిగెత్తింది. ఎవరో ఈల వేశారు. ఊరి బయట బండి కనబడింది.

"తాతా! నిలబెట్టు తాతా!"

"ఏమి పాపా, ఏమన్నా మర్సిపోతిమా?"

"మీ పత్తి బాగుంది. నేను తప్పు రాసినా."

"మిషను గదా వద్దన్యది?"

"నేను చెప్పిందే అది అంటాది తాతా."

లక్ష్మమ్మ భర్త వైపు తిరిగింది. "ఇన్యావా?"

"ఇన్యాలే," అన్నాడు ఉచ్చీరప్ప, ఎద్దుల వైపు చూస్తూ.

"ముసుగు గూడా లేకుండా వస్తివే తల్లీ. ఎక్కు, ఎక్కు," అని లక్ష్మమ్మ పత్తి మీది దుప్పటి తీసి ఆమె తల మీదుగా కప్పింది. ఉచ్చీరప్ప ఎద్దులను వెనక్కి మళ్ళించాడు. హజరా బీ ఆ దుప్పటిలో ముఖం దాచుకొని ఏడ్చింది.

మిల్లులో అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. "వరకు అంటే ఎనిమిది గూడా కదమ్మా! టెన్త్ పాసైనదానివి, అది గూడా తెలీదా?" అన్నాడు దేవేంద్రప్ప.

"టెన్త్ కాదు సార్, తొమ్మిదే. మాకు మగ్రిబ్ వరకు తినొద్దంటే, మగ్రిబ్‌కు తింటాం. అట్లనుకొని..."

"అయితే పత్తికి గూడా ఉపాసం పెట్టినావన్నమాట!" అన్నాడు మద్దయ్య. పెరడంతా నవ్వింది. ఉచ్చీరప్ప కూడా నవ్వాడు. లక్ష్మమ్మ నవ్వలేదు.

దేవేంద్రప్ప పొమ్మనలేదు. కానీ ఆ సాయంత్రానికి ఈల సంగతి ఇంటికి చేరింది. "ఇంక చాలు," అన్నాడు తండ్రి గఫూర్ సాబ్. మరుసటేడు ఎమ్మిగనూరులో మగ్గం నేసే మస్తాన్ వలికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆమె పెట్టె కన్నా ముందే, బండివాని వెంట పరిగెత్తిందన్న మాట అక్కడికి వచ్చి చేరింది.

ఆ పొద్దున ఉచ్చీరప్ప కంటే ముందు మళ్ళిపోయిన బండ్లు ఏ ఊరివో, వాటిలో ఎనిమిదివి ఏవో ఆమెకు తెలియదు. వాటి వెంట ఆమె పరిగెత్తలేదు. బోరింగు కాడ తల వంచుకునేది అందుకే.

బోరింగు కాడి మాటలో బురఖా ఉంది, మేకు ఉంది, దుప్పటి ఉంది, ఎమ్మిగనూరు రోడ్డూ ఉంది. అందులో లేనిది ఒకటే: ఆమె ఆ దుప్పటి కప్పుకొని కూర్చున్నప్పుడు ఎద్దుల ముఖాలు ఆదోని వైపు ఉన్నాయి.