రెక్కలు వెతికిన మిరపకాయల శెట్టి

హిందూపురం మార్కెట్ యార్డులో మిరప రాసులు నడుమెత్తు లేచే రోజుల్లో కొత్తగా వచ్చినవాళ్లు గేటు దగ్గరే దగ్గుతూ ఆగిపోతారు. కృష్ణమోహన్ శెట్టి మాత్రం చెప్పులు బయట విడిచి, గుడిలో అడుగుపెట్టినట్టు ఆ ఎరుపులోకి నడిచేవాడు. రాసి లోపలికి చెయ్యి దూర్చి ఒక్క కాయ తీసేవాడు. తొడిమ విరిచి, గింజలు దులిపి, తొక్కను నాలుక చివర ఆనించి కళ్లు మూసుకునేవాడు. "బ్యాడిగి. రంగుంటాది, కారం ఉండదు. ఆరబోసినప్పుడు ఒక వాన తగిలింది," అనేవాడు. రైతు ఉలిక్కిపడి చూసేవాడు. వాన తగిలిన మాట ఆ రైతుకూ, అతని పెళ్లానికీ తప్ప ఇంకెవరికీ తెలియదు మరి.

పన్నెండేళ్ల వయసులో తండ్రి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నప్పుడు మొదలైన చదువు అది. యాభై తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆయనకు ఒక కారప్పొడి మర, దాని ముందు ఒక కొట్టు, మూడు ఊళ్ల హోటళ్లలో మంచి పేరు ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఏ బార్‌లో కోడి ముక్క వేయించినా దాని మీద ఎరుపు ఆయనదే. ఆ ముక్క ఎలా ఉంటుందో మాత్రం ఆయనకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక మాంసం కాదు కదా, గుడ్డు కలిసిన కేకు కూడా ముట్టలేదు. బార్ గడప తొక్కలేదు. ఆ లైను చూసుకునేది తమ్ముడు వేణుమాధవ్.

వేణుమాధవ్ ఎనిమిదేళ్లు చిన్న. మోపెడ్‌కు ముందూ వెనకా కారం పాకెట్లు కట్టుకొని, ఈల వేసుకుంటూ ఊళ్లు తిరిగేవాడు. ఎక్కడికి పోయినా పది మందిని నవ్వించి వచ్చేవాడు. ఒకరోజు మర ఆపాక, చేతులు కడుక్కుంటూ ఉన్నట్టుండి అన్నాడు.

"అన్నా, ఒక చోట రెక్కలు తిన్న్యా."

కృష్ణమోహన్ చేతిలో ఉన్న జల్లెడ అలాగే ఆగింది.

"కోడి రెక్కలు. బఫెలో వింగ్స్ అంటారు. మన పొడే. అయినా మన పొడి అట్ల పలుకుతాదని నాకే తెలీదు. మొదట వెన్న. తర్వాత పులుపు. మంట నోట్లో ఉండదన్నా. మింగినాక చెవుల వెనక పుడతాది. చెమట పడతాది ఆడ. ఇంకోటి తినల్ల అనిపిస్తాది."

"యాడ తిన్న్యావు?"

"చెప్పను. నువ్వు పొయ్యి వాళ్లకు పొడి ఆపేస్తావు."

కృష్ణమోహన్ వారం రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. మళ్లీ మాట్లాడాడుగానీ, ఆ విషయం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. రెండేళ్ల తర్వాత ఒక ఆషాఢమాసపు పొద్దున, పాకెట్లు కట్టుకుంటూనే వేణుమాధవ్ కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపలే అంతా అయిపోయింది.

పదో రోజు పిండం పెడితే కాకి ముట్టలేదు.

తీగ మీద కూర్చొని చూసింది. మెడ అటూ ఇటూ తిప్పింది. కిందికి దిగలేదు. పెద్దలు ఒక్కొక్కరే చేతులు జోడించి పోయినవాడికి మాట ఇచ్చారు, పిల్లను చదివిస్తామని, అప్పగించిన పనులు చూస్తామని. ఎండ నడినెత్తికి వచ్చినా కాకి కదల్లేదు. చివరికి దర్భతో కాకిని చేసి అయిందనిపించారు. మేనత్త ఈశ్వరమ్మ అందరికీ వినబడేట్టే గొణిగింది. "కట్టుకున్నది ఏం లోటు చేసిందో ఏమో. మనసులో ఏదో పెట్టుకొనే పోయినాడు."

వేణుమాధవ్ భార్య వాణి తల వంచుకొని విన్నది. ఏడాదంతా విన్నది. పెళ్లిళ్లలో విన్నది, కూరగాయల కొట్లో విన్నది. ఒక్కరికీ జవాబు చెప్పలేదు.

సంవత్సరీకం నెలలోకి వచ్చింది. ఈసారీ కాకి దిగకపోతే ఆ మాట వాణికి జన్మకంతా అంటుకుంటుంది. కృష్ణమోహన్‌కు నిద్ర పట్టేది కాదు. తమ్ముడికి తీరకుండా పోయిన కోరిక ఆ రెక్కలేనని ఆయనకు తెలుసు. ఆ చోటు తెలియదు, తెలియకుండా పిండం ముందు ఏమని మాట ఇస్తాడు? వాణిని అడగాలని ఒక్కసారీ అనిపించలేదు. మొగుడు పోయిన మనిషి దగ్గరికి పోయి, నీ మొగుడు మాంసం యాడ తినేవాడమ్మా అని అడగడం కన్నా ఆ మనిషిని కొట్టడం నయం అనుకున్నాడు.

తానే వెతకాలి. తాను తినలేడు. అందుకని యార్డులో మూటలు మోసే సంజీవప్పను పిలిచాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు, మాంసం సంగతి బాగా తెలిసినవాడు.

"నువ్వు తిను. నేను చూస్తా."

సంజీవప్ప భుజం మీది మూట దించాడు. "శెట్టీ, ఎండకేమన్నా తిరిగినావా?"

"తినమంటే తినప్పా."

"తింటా. ఏం తినల్ల?"

"బఫెలో వింగ్స్."

"ఎనుముకి రెక్కలు యాడివి శెట్టీ?"

"కోడివేలే. అది యాదో ఊరి పేరంట."

హిందూపురంలో మొదటి బార్ మేడ మీద ఉంది. మెట్లెక్కి తలుపు తోయగానే చల్లని చీకటి ముఖాన తగిలింది. కృష్ణమోహన్ అలవాటు మీద చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడు. వెయిటర్ పరుగెత్తుకొచ్చి, "సార్, ఈడ విడిస్తే ఎవరన్నా ఎత్తుకపోతారు," అన్నాడు. ఆయన మజ్జిగ అడిగాడు. మజ్జిగ లేదు, సోడా ఉందన్నాడు. సోడా గ్లాసు ముందు పెట్టుకొని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, సంజీవప్ప చెవుల వెనక్కి వంగి చూడటం మొదలుపెట్టాడు.

"యాడ చూస్తాండావు శెట్టీ?"

"నువ్వు తిను."

"ఇట్ల చూస్తాంటే గొంతు దిగదు."

సంజీవప్ప నోరు మండింది, ముక్కు కారింది. చెవుల వెనక ఎండిపోయిన నేలలా ఉంది. అక్కడ కాదు. రెండో చోట రెక్కలు పిండిలో ముంచి వేయించారు, ఎరుపంతా పైపైనే ఉంది. మూడో చోట పులుపు లేదు. నాలుగు రోజులు తిరిగేసరికి కృష్ణమోహన్‌కు ఒక కొత్త చదువు అబ్బింది. ముక్క నోట పెట్టకుండానే, మిగిలిన ఎముకను చూసి వంట చెప్పగలిగాడు. కీళ్ల దగ్గర మాంసం పట్టుకొని ఉంటే నూనె తొందరపడింది. ఎముక నల్లబడి ఉంటే కోడి పాతది. తెల్లగా, గీకినట్టు వస్తే తిన్నవాడు ఆగలేకపోయాడు. అంత శుభ్రమైన ఎముక హిందూపురంలో ఒక్కటీ దొరకలేదు.

ఇద్దరూ ప్యాసింజరు ఎక్కి పెనుకొండ పోయారు. కారు ఫ్యాక్టరీ వచ్చాక ఎర్రమంచి వైపు రోడ్డు మీద కొరియా అక్షరాల బోర్డులు పెట్టుకున్న హోటళ్లు వెలిశాయి. ఒకదాంట్లో రెక్కల మీద ఎర్రటి ముద్ద నిగనిగలాడుతూ పూసి, పైన నువ్వులు చల్లి తెచ్చారు. పక్క బల్ల దగ్గర ఫ్యాక్టరీ ఇంజనీర్లు కాబోలు, పుల్లలతో ముక్కను పట్టుకొని, మాట లేకుండా, పూజ చేసినంత శ్రద్ధగా తింటున్నారు. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు మన కొండ కింద కూర్చొని కారానికి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. కృష్ణమోహన్ సోడా తాగడం మరిచిపోయి వాళ్లనే చూశాడు. తిండి ఇంత పెద్ద సంగతి అని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"తియ్యగుండాది శెట్టీ," అన్నాడు సంజీవప్ప. "బాగుండాది. కానీ ఇది కాదు."

ఇక మిగిలింది ధర్మవరం. సంవత్సరీకానికి ఐదు రోజులే ఉన్నాయి. స్టేషన్ వైపు రెండు చోట్లు చూశారు, కాదు. మూడో చోట సంజీవప్ప కడుపు పట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. "శెట్టీ, నాకు రెక్కలు మొలిచేట్టుండాయి. ఎగిరిపోతా."

అరుగు వెనక సందులో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడుతో పాటు వెన్న కరిగే వాసన, దాని అడుగున తన పొడి వాసన వచ్చాయి. తన పొడి వాసనను కృష్ణమోహన్ గాలివానలో కూడా పట్టగలడు. లేచి ఆ వాసన వెంట నడిచాడు.

మగ్గం ఇల్లు అది. లోపలి గదిలో గుంటమగ్గం మీద ఒకాయన పట్టుచీర నేస్తున్నాడు. ముందు గదిలో ఒక పొయ్యి, రెండు బెంచీలు. పొయ్యి ముందు ఆయన భార్య, యాభై ఏళ్ల గంగక్క కూర్చొని ఉంది. నూనెలో రెక్కలు వేసి, వాటివైపు చూడటమే లేదు. తల ఒక పక్కకు వంచి మగ్గం వింటోంది.

"చూడకుండా ఎట్ల తెలుస్తాదమ్మా?" అన్నాడు కృష్ణమోహన్.

"ఆయన బెత్తెడు నేసేలోపల రెక్క వేగిపోతాది. జరీ అంచు వస్తే చప్పుడు మారతాది, అప్పుడు మంట తగ్గిస్తా. కండ్లతో చూస్తే ఆత్రం ఎక్కువైతాది సామీ. పచ్చిగానే తీసేస్తాం."

లోపల మగ్గం ఒక్క క్షణం ఆగి, వేరే తాళంలో మొదలైంది. గంగక్క చెయ్యి దానంతటదే పోయి మంట తగ్గించింది. తర్వాత జల్లిగరిటెతో రెక్కలు తీసి, వెన్న కరిగిన గిన్నెలో వేసి, కారం, నిమ్మరసం వేసి ఎగరేసింది. ఎర్రటి రెక్కలన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచి, ఒక్కటీ జారకుండా గిన్నెలోకి దిగాయి. కృష్ణమోహన్ చేతులు ఆయనకు తెలియకుండానే జోడించుకున్నాయి. నలభై ఏడేళ్లు మిరపకాయలు చూశాడు. అవి పోయి చేరే చోటు ఇప్పుడు చూశాడు.

సంజీవప్ప కడుపు నిండిందన్న సంగతి మరిచిపోయాడు. మొదటి ముక్క తిన్నాడు. రెండోది తిన్నాడు. చెవుల వెనక, జుట్టు మొదట్లో, సన్నగా, వరసగా చెమట చుక్కలు పుట్టాయి. పళ్లెంలో పెట్టిన ఎముక తెల్లగా మెరుస్తోంది.

"ఇదే," అన్నాడు కృష్ణమోహన్.

గంగక్క ఆయన ముఖాన్ని పరీక్షగా చూసింది. "మీరు పొడి వేణుమాధవ్ సారు అన్నగారా? ఆ ముక్కు చూస్తేనే అనుకున్న్యా. ఆయన పోయినాడని తెలిసి రెండు దినాలు పొయ్యి వెలిగించలేదు సామీ." పళ్లెం తీస్తూ అడిగింది. "ఆయమ్మ ఎట్లుండాది?"

"ఏయమ్మ?"

"వాణమ్మ. ఇద్దరూ కదా వచ్చేది, నెలకొకసారి, బండి మీద. ఆయమ్మ ఒక్క ముక్క ముట్టేది కాదు. ఎదురుగా ఆ బెంచీ మీద కూచొని బొరుగులు తినేది. సారు చెవులు తుడుచుకుంటాంటే నవ్వేది. ఒక్కటే చెప్పేది నాతో. మా బావకు తెలిస్తే ఈయప్ప తల ఎత్తుకోలేడు గంగక్కా, ఎవరడిగినా మేము రాలేదని చెప్పు అని."

కృష్ణమోహన్ ఆ బెంచీ వైపు చూశాడు. మామూలు చెక్కబెంచీ. దాని మీద కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

ఒక్క మాటతో తీరిపోయేది. కాకి దిగని రోజున, ఈశ్వరమ్మ గొణిగిన రోజున, ఇదీ ఆయన కోరిక అని వాణి అని ఉంటే అయిపోయేది. అనలేదు. మొగుడు అన్న ముందు తలవంచకూడదని ఆ నింద తన నెత్తిన పెట్టుకొని ఏడాది మోసింది. ఎవరికీ చెప్పనని పోయినవాడికి ఇచ్చిన మాట పోయాక కూడా నిలబెట్టింది. మిరపకాయకు తగిలిన వానను నాలుకతో పట్టగలిగిన తాను, ఒకే ఇంట్లో ఏడాదిగా కురుస్తున్న దాన్ని పట్టలేకపోయాడు.

సంవత్సరీకం మంగళవారం వచ్చింది. మేడ మీద పిండం పెట్టారు. బంధువులంతా నీడకు ఒదిగి నిలబడ్డారు. కాకి వచ్చింది. పిట్టగోడ మీద వాలింది. మెడ తిప్పింది. అంతే, కదల్లేదు. అయ్యవారు నీళ్లు చిలకరించారు. ఈశ్వరమ్మ నోరు విప్పబోయింది. ఆడవాళ్ల చూపులు మెల్లగా వాణి మీదికి మళ్లాయి.

కృష్ణమోహన్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. మార్కెట్‌లో వేలంపాట పాడే గొంతుతోనే అన్నాడు.

"వేణూ, ధర్మవరంలో గంగక్క కొట్లో నీకు ఇష్టమైన కోడి రెక్కలు నేను చూసొచ్చినా. ఇంకమీద ఏటేటా ఈ దినం నీ పేరుతో ఆడ పదిమందికి పెట్టిస్తా. నీకు లోటు చేసింది నేను. నాకు భయపడి నువ్వు దాచినావు. నీకోసరం వాణి నోరు మూసుకొని అందరి మాటలూ పడింది. ఆయమ్మను ఇంక ఎవరన్నా ఒక్క మాటంటే నన్నన్నట్టే."

శెట్టి ఇంటి పెద్ద నోట, పిండం ముందు, ఆ మాట. ఈశ్వరమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. అయ్యవారొక్కరే పిండం వైపు చూస్తున్నారు కాబట్టి, "ముట్టింది," అన్నారు.

అప్పటికే కాకి రెండో ముద్ద పొడుస్తోంది.

కృష్ణమోహన్ దాన్ని చూడలేదు. తమ్ముడి భార్య వైపు తిరిగాడు. వాణి తల ఎత్తింది. ఏడాదిలో ఆ ముఖాన్ని నిండుగా చూడటం ఆయనకు అదే మొదలు.

"మంగళవారం గంగక్క పొయ్యి వెలిగించదు బావా," అంది. "బుధవారం పోదాం."