అధికారులు వచ్చిన రోజే తెరిచే తలుపులు

నా చిన్నప్పుడు మేము ములుగు రోడ్డు పక్కన, వ్యవసాయ కూలీల కోసం సర్కారు కట్టించిన క్వార్టర్లలో ఉండేవాళ్లం. అందరివీ మిరప తోటల్లో పనిచేసే కుటుంబాలే. ఇళ్ల వరుస చివర ఆడవాళ్లకు స్నానాల గదులు, పైన నీళ్ల ట్యాంకు. చూసినవాళ్లు మాది ఎంత అదృష్టమో అనేవాళ్లు. కానీ ఆ గదులకు ఎప్పుడూ తాళాలే. వాడితే పాడవుతాయని, పైవాళ్లు వస్తే తనకు మాటొస్తుందని వాచ్‌మన్ తెరిచేవాడు కాదు.

రోజంతా మిరపకాయలు ఏరితే ఒళ్లు ఎలా మండుతుందో ఏరినవాళ్లకే తెలుసు. ఆ మంటతో వచ్చిన ఆడవాళ్లు కట్టెలు పాతి, చీర చుట్టి, ఆ చాటున స్నానం చేసేవాళ్లు. గాలికి చీర ఎగిరితే రోడ్డు మీది లారీలవాళ్లు ఈలలు వేసేవాళ్లు. నిండు చూలాలైన పక్కింటి అక్క ఒకరోజు అక్కడి బురదలో జారి పడింది. దవాఖానకు తీసుకుపోతే బిడ్డ దక్కింది గానీ, అక్క చాలాకాలం నడుము పట్టుకునే నడిచింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే అధికారులు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. గోడలకు సున్నం పడింది, ట్యాంకు నిండింది, తాళాలు ఊడాయి. అంతా బాగుందని చెప్పాలని మాకు నేర్పించారు. మా నాయనమ్మ అన్నిటికీ తలూపింది. తీరా జీపు ఆగే వేళకు ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని, నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి, ఆ గదుల్లో దూరి గొళ్లెం పెట్టింది.

వాచ్‌మన్ తలుపు బాదాడు. నాయనమ్మ లోపలినుంచే గట్టిగా అంది: "జర ఆగుండ్రి సారూ! మీరొచ్చిన్నాడే గీ తలుపులు తెరుస్తరు. మళ్లెప్పుడొస్తరో ఏమో, ఇయ్యాల అందరం మంచిగ తానం జేస్తం."

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం కోపంగా చెంబు మీద చెంబు నా తల మీద కుమ్మరిస్తోంది. బయటికొచ్చాక, తడి తలతోనే పెద్ద అధికారిని అక్క పడిన చోటికి తీసుకుపోయి చూపించింది. ఆయన వాచ్‌మన్‌ను పిలిచాడు. తాళంచెవులు అప్పుడే ఆడవాళ్లకు ఇప్పించాడు.

మా సంబరం ఎండాకాలం దాకానే. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటరు కాలిపోతే, కట్టించడమే తమ పని, నడపడం తమది కాదన్నారు క్వార్టర్లు కట్టించిన ఆఫీసువాళ్లు. "మీకు లేకపోతే ఇంకెవలికుంటది ఫికర్?" అంటూ నాయనమ్మ ఆడవాళ్లతో కలిసి ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది. మోటరు బాగయ్యేదాకా పోరు ఆపలేదు.

కూలీల సంఘంలో పనిచేసినదాన్నని, ఈమధ్య నన్ను వరంగల్‌లో ఒక సమావేశానికి పిలిచారు. కూలీలకు సర్కారు కట్టే ఇళ్లను ఎలా నడపాలో నియమాలు రాస్తున్నారట. గేటు గురించీ గోడల రంగు గురించీ చాలాసేపు మాట్లాడారు. నేను నిలబడి, నీళ్లు ఆగిపోతే జవాబు చెప్పేదెవరని అడిగాను. "అది తర్వాత చూద్దాం మేడమ్" అన్నాడు ఒక కుర్ర అధికారి. నాకు తెలియకుండానే గొంతు లేచింది. "తర్వాత గాదు బిడ్డా, ముందుగాల అదే రాయుండ్రి" అన్నాను. రాసేదాకా కూర్చోలేదు.

ఈ వయసులో కోపం మంచిది కాదని మా పిల్లలు అంటుంటారు. చాలా కోపాలు వదిలేశాను. ఈ ఒక్కటి మాత్రం మా నాయనమ్మ నాకిచ్చింది, వదలను.