మామిడితోపు మీద డ్రోను

2025 జూన్. చిత్తూరుకు దక్షిణాన, తమిళనాడు సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. మా ఆస్పత్రి ప్రహరీ దాటితే అన్నీ తోతాపురి మామిడితోపులే. ఆ నెలలో కాయకోతలు మొదలై, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లతో రోడ్డు నిండిపోతుంది. మగవాళ్ళు చెట్లెక్కి కోస్తారు. ఆడవాళ్ళు కాయలు ఏరి, గంపలకెత్తి ట్రాక్టరు దాకా మోస్తారు. ఎండ రాకముందే తోపుకు పోయినవాళ్ళు ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే.

కోతల కాలంలో మా ఓపీకి, అంటే చీటీ రాయించుకుని చూపించుకునే చోటికి, ఏ జబ్బులొస్తాయో నాకు బాగా తెలుసు. వడదెబ్బ, కాయ సొన పడి చర్మం పొక్కడం, కొమ్మ విరిగి కిందపడడం. ఆడవాళ్ళకు మూత్రంలో మంట కూడా ప్రతి వేసవిలో ఉండేదే. కానీ ఆ ఏడు అది ఒకే ఊరి నుంచి, ఒకే కూలి గుంపు నుంచి వరసపెట్టి వచ్చింది. స్ట్రిప్ టెస్ట్ అని ఒకటి చేస్తాం. మూత్రంలో సన్నటి పట్టీ ముంచితే అది మారిన రంగును బట్టి ఇన్ఫెక్షన్ ఉందో లేదో తెలుస్తుంది. వాళ్ళ పట్టీలన్నీ ఊదారంగుకు తిరిగాయి. మూత్రం టీ డికాక్షన్‌లా ఉంది. నీళ్ళు బాగా తాగమని అందరికీ చెప్పాను. అందరూ తలూపారు. వారం తిరక్కముందే మళ్ళీ అవే మొహాలు.

సుగుణను తీసుకొచ్చిన రోజు నాకు కోపం కూడా వచ్చింది. ఏడో నెల కడుపు. తొలి చూలు. ఒళ్ళు కాలిపోతోంది, దుప్పటి కప్పినా వణుకు ఆగడం లేదు. నడుము పక్కన చెయ్యి వేస్తే అరిచింది. వెంట అత్త కుప్పమ్మ ఉంది. ఆ కూలి గుంపుకు ఆమే మేస్త్రి. కోడల్ని బరువులు మొయ్యనివ్వకుండా నీడన కూర్చోబెట్టి కాయలు వేరు చేయించేది. మనిషి మంచిది.

"నీళ్ళు తాగతా ఉండావా లేదా?" అని సుగుణను గద్దించాను.

"తాగితే యాడికి పోవాల సిస్టరమ్మా?" అంది ఆ పిల్ల, కళ్ళు మూసుకునే.

"ఇన్నాళ్ళూ యాడికి పోతా ఉంటిరి?"

కుప్పమ్మ అందుకుంది. "ఇన్నాళ్ళూ వంక గట్టున కానగచెట్ల మాటుకు పొయ్యేవాళ్ళం. ఇప్పుడు మాటు యాడుండాది? నెత్తిన నిలబడి సూస్తా ఉంటే?"

"ఎవురు సూసేది?"

"పోలీసోళ్ళ డ్రోను."

ఆ వేసవిలో మా మండలం స్టేషనుకు డ్రోను వచ్చిన సంగతి నాకూ తెలుసు. తోపుల్లో పేకాట, సారా ఉన్నాయని, దాన్ని రోజూ తోపుల మీదా వంకల మీదా తిప్పేవాళ్ళు. పేకాడేవాళ్ళు లుంగీలు ఎగగట్టుకుని పరిగెత్తే వీడియోకు సినిమా పాట తగిలించి వదిలితే ఊరంతా ఫోన్లలో చూసి నవ్వింది. నేనూ నవ్వాను. కుప్పమ్మా నవ్విందట.

"ఆ మర్రోజే మా గుంపులో నాగమ్మ వంక కాడికి పోయింది. కూసున్యాక అది వచ్చింది. పోతాదిలే అనుకునింది. పోలా. పైనే నిలబడేసింది. లేచినా కనపడతాది, కూసున్నా కనపడతాది. ఏం జేస్తాది? కొంగు తీసి మొగానికి కప్పుకునింది. ఒళ్ళు కనబడితే కనబడె, ఎవురో తెలీకుంటే సాలని."

ఆ వీడియో బయటికి రాలేదు. వచ్చుంటే ఏడ్చి ఊరుకునేవాళ్ళేమో. రాలేదు కాబట్టి అది ఎవరి దగ్గరుందో, ఎవరు చూశారో, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ మరుసటి రోజు నుంచి తోపులో ఆడవాళ్ళు నీళ్ళు ముట్టడం మానేశారు. పొద్దున ఇంటి దగ్గర బయటికి పోయి వస్తే మళ్ళీ ఇంటికి వచ్చాకే. అంతసేపూ బిగబట్టుకోవడమే.

సుగుణది పైలోనెఫ్రైటిస్. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీలను పట్టుకోవడం. గర్భిణికి అది వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. సెలైన్ ఎక్కించి, మొదటి యాంటీబయాటిక్ ఇచ్చి, 108లో తిరుపతి పెద్దాస్పత్రికి పంపించాం. అక్కడి వాళ్ళు చక్కగా చూశారు. జ్వరం తగ్గి ఇంటికొచ్చింది. డిశ్చార్జి కాగితం మీద జాగ్రత్తలు రాసిచ్చారు: నీళ్ళు ఎక్కువగా తాగవలెను, మూత్రం ఆపుకొనరాదు.

ఆ కాగితం చూపించి కుప్పమ్మ, "సెప్పు సిస్టరమ్మా, ఎట్ల?" అంది.

ఒక మరుగు కట్టుకోమని చెప్పాను. తోపు ఆసామి సరేనన్నాడు. ఆడవాళ్ళే నాలుగు సరుగుడు కట్టెలు పాతి, చుట్టూ పాత చీరలు కట్టి, పైన ఎరువుల గోతాలు కుట్టి కప్పు వేసుకున్నారు. ఆ వారం ఓపీకి వచ్చిన ఇద్దరి పట్టీలు రంగు మారలేదు. చాలా రోజుల తరవాత నాకు కొంచెం నెమ్మది అనిపించింది.

అది ఎన్నాళ్ళో నిలవలేదు. తోపు మధ్యలో కొత్తగా ఒక డేరా లేచిందని డ్రోనుకు కనపడింది. పేకాట డేరా అనుకుని కానిస్టేబుళ్ళు చెట్ల చాటున వచ్చి చుట్టుముట్టారు. ఒకాయన చీర పట్టి లాగేశాడు. లోపల ఉన్నది కుప్పమ్మ.

ఆ సాయంత్రం ఆమె ఆస్పత్రికి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "నా కొడుకంత వయసు సిస్టరమ్మా ఆ పిల్లోనికి. వాడే అట్లా తిరుక్కునేసినాడు పాపం" అంది.

మర్నాడు ఆమెతో కలిసి స్టేషనుకు పోయాను. మా డాక్టరు గారు "మన డిపార్ట్‌మెంటు కాదు సిస్టర్, ఎందుకు?" అన్నారు గానీ ఆపలేదు. ఎస్సై మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, కాఫీ తెప్పించాడు. కానిస్టేబుల్‌ తరఫున కుప్పమ్మకు సారీ కూడా చెప్పాడు.

"మేము ఆడవాళ్ళను చూడడానికి ఎగరేయడం లేదమ్మా" అన్నాడు.

"చూడడం లేదని వీళ్ళకెట్లా తెలుస్తుంది సార్?"

"తప్పు చేయనివాళ్ళకు భయం దేనికి?"

"వీళ్ళ మీద ఏమన్నా అనుమానముందా మీకు?"

"ఛ, ఛ. ఫలానా వాళ్ళ మీద అనుమానం అంటూ ఏమీ లేదు. అందుకే అందరినీ చూస్తున్నాం."

ఆ మాట ఆయన నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. ఆ వీడియోలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళుంచుతారు, నాగమ్మది చెరిపేయగలరా అని అడిగాను. అవి పై ఆఫీసుకు పోతాయని, తన చేతుల్లో లేదని అన్నాడు. మాకు నమ్మకం కలగాలని ట్యాబ్ తెచ్చి, ముందురోజు తీసింది చూపించాడు. తోపులు, వంక, రోడ్డు, ఆ తరవాత మా ఆస్పత్రి. నా స్కూటీ కనబడింది. వెనక గేటు కూడా కనబడింది. నలుగురికీ తెలియకూడదనుకున్న జబ్బులతో వచ్చేవాళ్ళు లోపలికి వచ్చే గేటు అది. ఒకామె తలమీద కొంగు లాక్కుని అందులోంచి బయటికి పోతోంది. ఆమె ఎవరో నడక చూసి నేను గుర్తుపట్టాను. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌ది కూడా మా మండలమే. నేను ట్యాబ్ మీద నుంచి చూపు తిప్పేసుకున్నాను.

చివరికి ఎస్సై ఒక దారి చెప్పాడు. "మరుగు కట్టుకోండి, వద్దనను. కప్పు మాత్రం వేయొద్దు. కప్పేస్తే మావాళ్ళకు డౌటొస్తుంది."

"సూసేది పైనుంచి గదా సామీ" అంది కుప్పమ్మ.

ఆయన కాస్త ఆలోచించాడు. "పోనీ, ఏ టైముకు పోతారో చెప్పండి. ఆ టైములో అటువైపు ఎగరెయ్యం."

కుప్పమ్మ లేచి నిలబడింది. "మేము బయటికి పొయ్యే టైము టేషన్‌లో సెప్పి పోవాలనా సామీ?" కాఫీ గ్లాసు అట్లాగే వదిలేసి నడిచింది.

ఆ సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఆమె అర్జీ పెట్టింది. ఆ అర్జీనే విచారణ కోసం తిరిగి అదే స్టేషనుకు పంపారు. ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చి, అర్జీ రాయించింది ఎవరని అడిగి పోయాడు. తరవాత గుంపులో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నాగమ్మయితే తన పేరు ఎందుకు చెప్పావని కుప్పమ్మతో మాట్లాడడమే మానేసింది.

సుగుణ మళ్ళీ తోపుకు పోయింది. కోతల్లో ఇంటి పట్టున ఉండే ఇల్లు ఆ ఊళ్ళో లేదు. జులైలో మళ్ళీ జ్వరం, దాంతోపాటే నొప్పులు. నెలలు నిండకుండానే తిరుపతిలో కానుపయింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత బిడ్డను అద్దాలపెట్టెలో ఉంచి, ఉన్న ప్రయత్నాలన్నీ చేశారు. దక్కలేదు.

ఆ బిడ్డను డ్రోను చంపిందని నేను అనను. అలా ఏ డాక్టరూ రాయడు, రాయకూడదు కూడా. నెలలు నిండని కానుపుకు కారణాలు చాలా ఉంటాయి. కేస్‌షీటులో ఇన్ఫెక్షన్ అని రాశారు, అది నిజం. ఆ ఇన్ఫెక్షన్ ఎందుకొచ్చిందో రాయడానికి ఎక్కడా చోటు లేదు.

అర్జీకి జవాబు మాత్రం వచ్చింది. అది స్టేషనుకు కాదు, మా ఆస్పత్రికి వచ్చింది. సదరు గ్రామ మహిళా కూలీలకు వ్యక్తిగత పరిశుభ్రతపై అవగాహన సదస్సు జరపమని ఆదేశం. జరపాల్సింది నేను. ఆగస్టులో నీళ్ళ క్యాను, గ్లాసులు ఆటోలో వేసుకుని తోపుకే పోయాను. కోతలు అయిపోయి, గొర్రు తోలిన నేలలో కలుపు ఏరుతున్నారు. అందరూ వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. సుగుణ కూడా వచ్చింది. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. కూర్చోబోయే ముందు ఒకసారి కొమ్మల సందుల్లోంచి పైకి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు.

నేను పరిశుభ్రత గురించి ఒక్క మాట చెప్పలేదు. నాకు తెలిసిన సంగతే చెప్పాను. "ఆ డ్రోను ఈడ లేదంట. వేరే స్టేషనుకు పంపించేసి నెల దాటిందంట. కనుక్కొనే వచ్చినా. ఇంక బిగబట్టుకోవద్దండి, నీళ్ళు తాగండి."

ఎవరూ కదల్లేదు. కుప్పమ్మ అడిగింది: "లేదని ఎవురు సెప్పినారు సిస్టరమ్మా? వాళ్ళేనా?"

అవును, వాళ్ళే. నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు.

జబ్బుకు మూలం దొరికితే వైద్యం సులువవుతుందని శిక్షణలో నేర్పారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది చాలాసార్లు నిజమైంది. ఈ కేసులో మూలం నాకు మొదట్లోనే దొరికింది, ఆ తరవాత అది ఆకాశంలోంచి తొలగిపోయింది కూడా. అయినా వాళ్ళకు నయం కాలేదు. ఏ తప్పూ చేయని మనిషికి నిన్ను చూస్తున్నామని ఒకసారి తెలియజేస్తే చాలు, ఆ తరవాత చూడనక్కర్లేదని, ఆ మనిషి ఒళ్ళే ఆ కాపలా కాస్తుందని నాకు ఆ తోపులో తెలిసింది. దానికి నా మందుల అలమరాలో ఏమీ లేదు.

ఆ రోజు తీసుకుపోయిన నీళ్ళ క్యాను నిండుగానే ఆస్పత్రికి తిరిగొచ్చింది.